వారపు వర్షపాత నివేదికలో ఆదేశాల గొలుసు: ఆగవలసిన చోట ఆగే బ్యాచ్ ఫైలు

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలోని వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు మండలాలలో వ్యవసాయ సలహాకు వర్షపాత అంకెలే ప్రధాన ఆధారం. సోమశిల జలాశయం నుండి నీరందే పొలాలకు ఒక రోజు వాన లెక్క తప్పినా కాలువ ఆదుకుంటుంది. వెలిగొండలకు తూర్పున ఉన్న మెట్ట భూములలో కంది, మినుము, పొగాకు, నిమ్మ, బత్తాయి పండించే రైతుకు ఆ ఆదరవు లేదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు తెచ్చే కొద్దిపాటి వానలే అతని విత్తనాన్ని, నాటును, అంతరకృషిని, పిచికారీని నిర్ణయిస్తాయి.

ఈ అంకెలు సలహా పత్రంలోకి చేరేలోగా అనేక చేతులు మారుతాయి. రోజువారీ ఫైళ్లను ఒక ఫోల్డరులోకి తెచ్చుకోవడం, వాటిని కలపడం, కావలసిన మండలాలను వేరుచేయడం, వారపు మొత్తం కట్టడం, పాత ఫైళ్లను భద్రపరచడం వంటి పనులు ప్రతి వారం అదే వరుసలో సాగుతాయి. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద వ్యవసాయ వాతావరణ సలహాలు ప్రతి మంగళ, శుక్రవారాలలో వెలువడతాయి కనుక వ్యవధి కూడా తక్కువే. అందువలన ఈ పనులన్నిటినీ ఒక బ్యాచ్ ఫైలులో వరుసగా వ్రాసి, ఒక్క క్లిక్కుతో నడిపించడం సహజమైన ఆలోచన. అయితే ఆదేశాలను ఏ గుర్తుతో కలిపారన్న దానిపైనే ఆ ఫైలు విశ్వసనీయత ఆధారపడి ఉంటుంది. ఒక అడుగు విఫలమైనప్పుడు మిగిలిన అడుగులు ఆగాలా, సాగాలా అన్న నిర్ణయం ఆ గుర్తులోనే ఇమిడి ఉంది.

ఈ వ్యాసంలో ఆదేశాలను, ఫైళ్ల పేర్లను తెలుగు లిపిలో చూపడమైనది. కంప్యూటరుపై వాటిని ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయాలి.

మెట్ట ప్రాంతంలో సున్నా ఎందుకు ప్రమాదకరం

వానలు విస్తారంగా కురిసే చోట ఒక వారం మొత్తం సున్నాగా వస్తే ఎవరికైనా అనుమానం కలుగుతుంది. వింజమూరు వంటి చోట వారమంతా చినుకు లేకపోవడం వింత కాదు. కాబట్టి ఫైలు అందకపోవడం వల్ల ఏర్పడిన సున్నా, నిజంగా వాన లేని సున్నా చూపునకు ఒకే విధంగా ఉంటాయి. లోపం సహజత్వపు ముసుగు వేసుకొని నివేదికలోకి ప్రవేశిస్తుంది.

ఒక ఊహా ఉదాహరణను పరిశీలిద్దాం. నవంబరులో ఒక వారం ఆరు రోజులకు కలిపి 6 మి.మీ., మిగిలిన ఒక్క రోజు 42 మి.మీ. వాన కురిసిందనుకుందాం. ఆ ఒక్క రోజు ఫైలు అందలేదు. గొలుసు ఆగకుండా సాగిపోతే నివేదిక 48 మి.మీ. బదులు 6 మి.మీ. చూపుతుంది. ఒక హెక్టారుపై 1 మి.మీ. వాన అంటే 10,000 లీటర్ల నీరు. అంటే హెక్టారుకు 4.2 లక్షల లీటర్ల నీరు కాగితం మీద మాయమైంది. దానిని నమ్మి నిమ్మ తోటకు బోరు నీరు పెట్టమని సలహా ఇస్తే, అడుగంటిన బోరు నుండి అనవసరంగా నీరు తోడినట్లవుతుంది. వాన తడికి గజ్జి తెగులు వ్యాపించే వారంలోనే తోటకు ఆ హెచ్చరిక అందకుండా పోతుంది. మినుము విత్తదలచిన రైతు పదును ఉన్న రోజులను చేజార్చుకుంటాడు. ఆ సలహా ఒక్క రైతుకే కాక మండలమంతటికీ చేరుతుంది.

కలిపే గుర్తులు, వాటి అర్థాలు

విండోస్ ఆదేశ పంక్తిలో ఆదేశాలను కలిపే గుర్తులు ముఖ్యంగా నాలుగు.

ఒక్క & గుర్తు: మొదటి ఆదేశం ఫలించినా విఫలమైనా రెండవది నడుస్తుంది. ఇది నిబంధన లేని వరుస.

జంట && గుర్తు: మొదటిది ఫలిస్తేనే రెండవది నడుస్తుంది. విత్తనశుద్ధి అయితేనే విత్తు అన్నట్లుగా ముందు పని పూర్తి కావడం షరతు.

జంట నిలువు గీతలు ||: మొదటిది విఫలమైతేనే రెండవది నడుస్తుంది. లోపాన్ని నమోదు చేయడానికి, గొలుసును ఆపడానికి దీనిని వాడతారు.

ఒక్క నిలువు గీత |: దీనిని పైపు అంటారు. మొదటి ఆదేశం వెలువరించినది రెండవ ఆదేశానికి ముడిసరుకుగా అందుతుంది. ఈ భావన యునిక్స్ వ్యవస్థలో 1973లో అమలైంది. 1983లో వచ్చిన ఎం.ఎస్. డాస్ 2.0 ద్వారా వ్యక్తిగత కంప్యూటర్లకు చేరింది.

వీటికి తోడు ఫలితాన్ని ఫైలుకు మళ్లించే గుర్తులు రెండున్నాయి. ఒక్క > గుర్తు ఫైలును చెరిపి కొత్తగా వ్రాస్తుంది. జంట >> గుర్తు ఉన్నదాని చివర చేరుస్తుంది. వారపు ఫైలుకు జంట గుర్తు వాడి, బ్యాచ్ ఫైలును పొరపాటున రెండుసార్లు నడిపితే వాన రెట్టింపవుతుంది. ఒక్క గుర్తు వాడితే నిన్నటి వరకు కూడబెట్టినది పోతుంది.

విజయమో వైఫల్యమో యంత్రానికి ఎలా తెలుస్తుంది

ప్రతి ఆదేశం ముగిసేటప్పుడు ఒక అంకెను వదిలి వెళ్తుంది. దానిని ముగింపు సంకేతం అనవచ్చు. బ్యాచ్ భాషలో దీని పేరు ఎర్రర్‌లెవెల్. సాధారణ నియమం ప్రకారం 0 అంటే విజయం, మరే అంకె అయినా వైఫల్యం. జంట గుర్తులు రెండూ ఈ సంకేతాన్ని చూసే నిర్ణయం తీసుకుంటాయి. ఈ సంకేతం ఆదేశం తన పని పూర్తి చేసిందా అన్నది మాత్రమే చెబుతుంది; ఆ పని వలన వచ్చిన అంకెలు సరైనవా అన్నది చెప్పదు.

పైగా అన్ని ఆదేశాలూ ఈ నియమాన్ని ఒకే విధంగా పాటించవు. పెద్ద ఫోల్డర్లను నకలు చేసే రోబోకాపీ ఫైళ్లను విజయవంతంగా నకలు చేసినప్పుడు 1 ఇస్తుంది. నకలు చేయవలసినదేమీ లేనప్పుడు 0 ఇస్తుంది. 8, ఆపైన వస్తేనే వైఫల్యం. కనుక రోబోకాపీ తరువాత && పెడితే కొత్త ఫైళ్లు వచ్చిన రోజున గొలుసు ఆగి, ఏమీ రాని రోజున సాగుతుంది. దీనికి "ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8" అన్న పరీక్షే సరైనది. ఆ పరీక్షకు అర్థం సంకేతం 8 లేదా అంతకంటే ఎక్కువ అని. ఫైలును తొలగించే డెల్ ఆదేశం ఫైలు తొలగకపోయినా విజయ సంకేతమే ఇవ్వవచ్చు. తొలగింది అనడానికి "ఇఫ్ ఎగ్జిస్ట్"తో చూసుకోవడమే రుజువు. వెతికే ఫైండ్ ఆదేశం వెతికినది దొరికితే 0, దొరకకపోతే 1 ఇస్తుంది. ఈ లక్షణం తనిఖీలకు చక్కగా ఉపకరిస్తుంది.

ఒక తప్పు గొలుసు

మొదటి ప్రయత్నంలో చాలామంది వ్రాసే పంక్తి ఇలా ఉంటుంది:

సి.డి. డి:\వర్షం & కాపీ రోజు*.సి.ఎస్.వి వారం.సి.ఎస్.వి & డెల్ రోజు*.సి.ఎస్.వి

దీని ఉద్దేశం స్పష్టం. వర్షం ఫోల్డరులోకి వెళ్లి, రోజువారీ ఫైళ్లను ఒక్కటిగా కలిపి, మూల ఫైళ్లను తొలగించాలి. ఇందులో మూడు ప్రమాదాలున్నాయి.

మొదటిది, & గుర్తు. డిస్కు నిండిపోయి కలపడం విఫలమైనా తొలగింపు జరిగిపోతుంది. వారపు ఫైలూ ఉండదు, మూల ఫైళ్లూ ఉండవు.

రెండవది, సి.డి. ఆదేశం. సి డ్రైవు మీద ఉండగా డి డ్రైవులోని ఫోల్డరు పేరు ఇస్తే, /డి అన్న ఐచ్ఛికం లేనిదే డ్రైవు మారదు. అయినా ఆదేశం విజయ సంకేతమే ఇస్తుంది. తరువాతి ఆదేశాలు తప్పు ఫోల్డరులో పనిచేస్తాయి. ఇక్కడ && పెట్టినా రక్షణ లేదు. డ్రైవును కూడా మార్చే పుష్‌డి ఆదేశం వాడటం మేలు.

మూడవది, నక్షత్రపు గుర్తు. అది ఉన్న ఫైళ్లను మాత్రమే కలుపుతుంది. ఏడు రోజులకు ఆరు ఫైళ్లే వచ్చినా కాపీ ఆదేశం దృష్టిలో అది సంపూర్ణ విజయం. రాని ఏడవ ఫైలు సంగతి దానికి తెలియదు. పై ఉదాహరణలోని 42 మి.మీ. జారిపోయే చోటు ఇదే.

సరిదిద్దిన గొలుసు

మూడు మండలాలకు రోజుకు ఒక ఫైలు, ఫైలుకు మూడు వరుసలు, శీర్షిక వరుస లేదు అనుకుంటే వారానికి 21 వరుసలు రావాలి. ఆ లెక్కే గొలుసుకు కాపలా. పనిని ఐదు అడుగులుగా విడదీసి, ప్రతి అడుగు చివర వైఫల్య మార్గాన్ని చూపాలి.

మొదటి అడుగు: పుష్‌డి "డి:\వర్షం" || ఎగ్జిట్ /బి 1. ఫోల్డరు దొరకకపోతే అక్కడే ఆగుతుంది. /బి అన్న ఐచ్ఛికం బ్యాచ్ ఫైలును మాత్రమే ముగించి, ఆదేశ కిటికీని మూయకుండా ఉంచుతుంది.

రెండవ అడుగు: ఏడు రోజుల ఫైళ్లు ఒక్కొక్కటిగా ఉన్నాయో లేదో "ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్"తో చూడాలి. లేని తేదీని లాగ్ ఫైలులో వ్రాసి ఆగాలి.

మూడవ అడుగు: కాపీ /బి రోజు*.సి.ఎస్.వి వారం.సి.ఎస్.వి || ఎగ్జిట్ /బి 2. ఫైళ్లను కలిపేటప్పుడు /బి లేకపోతే కాపీ ఆదేశం ఫైలు చివర ముగింపు అక్షరం ఒకటి చేర్చుతుంది. దానిని కొన్ని గణాంక సాఫ్ట్‌వేర్లు చెడ్డ వరుసగా చదువుతాయి.

నాలుగవ అడుగు: టైప్ వారం.సి.ఎస్.వి | ఫైండ్ /సి /వి "" అన్న పైపుతో వరుసలు లెక్కించి, ఫలితాన్ని 21తో పోల్చాలి. ఫైండ్ ఆదేశం ఒక్క వరుస ఉన్నా విజయమే చెబుతుంది కనుక దాని సంకేతం చాలదు, అంకెనే పోల్చాలి. ఒక ఫైలు చివరి వరుస తరువాత కొత్త పంక్తి గుర్తు లేకపోతే, అది తరువాతి ఫైలు మొదటి వరుసతో అతుక్కుపోతుంది. అప్పుడు వరుసల సంఖ్య తగ్గి, ఈ తనిఖీలో లోపం బయటపడుతుంది.

ఐదవ అడుగు: మూల ఫైళ్లను తొలగించక, మూవ్ ఆదేశంతో "భద్రం" అనే ఫోల్డరులోకి తరలించాలి. పరిశోధనలో మూల దత్తాంశాన్ని తొలగించే ఆదేశానికి రోజువారీ గొలుసులో చోటు ఉండకూడదు.

ప్రతి వైఫల్యానికి వేర్వేరు ముగింపు సంకేతం ఇవ్వడం వలన ఎక్కడ ఆగిందో వెంటనే తెలుస్తుంది. ఈ ఫైలును మరొక బ్యాచ్ ఫైలు నుండి నడపదలచినప్పుడు కాల్ అన్న పదం తప్పనిసరి. అది లేకుండా పేరు మాత్రమే వ్రాస్తే, పిలిచిన ఫైలు పూర్తయ్యాక నియంత్రణ మొదటి ఫైలుకు తిరిగిరాదు. మిగిలిన అడుగులు ఏ దోష సందేశమూ లేకుండా ఆగిపోతాయి.

తరచుగా ఎదురయ్యే చిక్కులు

"అ && ఆ || ఇ" అన్న గొలుసును "అ ఫలిస్తే ఆ, లేకుంటే ఇ" అని చదవడం పొరపాటు. అ ఫలించి ఆ విఫలమైనా ఇ నడుస్తుంది. రెండు దారులు కచ్చితంగా వేరుగా ఉండాలంటే ఇఫ్, ఎల్స్ వాడాలి. ఒకే పంక్తిలో పలు గుర్తులు కలిసినప్పుడు కుండలీకరణాలతో గుంపులు కట్టడం చదివేవారికీ, వ్రాసినవారికీ మేలు.

పైపులో ముందున్న ఆదేశం విఫలమైనా, గొలుసుకు కనబడేది చివరి ఆదేశపు సంకేతమే. ముఖ్యమైన ఆదేశాన్ని పైపు ఎడమ వైపున ఉంచి, దాని విజయాన్ని && తో పరీక్షించడం నిష్ప్రయోజనం.

ఒకే పంక్తిలో గానీ, కుండలీకరణాల గుంపులో గానీ శాతం గుర్తుల మధ్య వ్రాసిన ఎర్రర్‌లెవెల్ విలువ, ఆ పంక్తిని చదివినప్పటి విలువే. ఆదేశం నడిచిన తరువాతి విలువ కాదు. అక్కడ ఆలస్య విస్తరణను అనుమతించి ఆశ్చర్యార్థక గుర్తులు వాడాలి, లేదా పరీక్షను వేరే పంక్తిలో వ్రాయాలి.

వర్షపాత నమోదుకు ప్రత్యేకంగా హాని చేసే చిక్కు మరొకటి ఉంది. ఎకో వింజమూరు,%వాన%>>వారం.సి.ఎస్.వి అని వ్రాశారనుకుందాం. వాన విలువ 2 అయితే ఆ పంక్తి చివర "2>>" అవుతుంది. గుర్తుకు ఆనుకొని ఉన్న ఒంటి అంకెను యంత్రం వాన కొలతగా కాక, ఫలితం వెలువడే ప్రవాహపు సంఖ్యగా అర్థం చేసుకుంటుంది. ఫలితంగా 2 మి.మీ. కురిసిన రోజు వరుస ఫైలులోకే రాదు. 1 మి.మీ. కురిసిన రోజు వరుస వస్తుంది కానీ విలువ ఖాళీగా ఉంటుంది. 12 మి.మీ. మాత్రం సక్రమంగా నమోదవుతుంది. అంటే చిన్న వానలే ఎంపిక చేసినట్లుగా మాయమవుతాయి. మళ్లింపు గుర్తును, ఫైలు పేరును పంక్తి మొదట్లోకి తేవడమే దీనికి విరుగుడు: >>వారం.సి.ఎస్.వి ఎకో వింజమూరు,%వాన%.

ఫోల్డరు పేరులో & గుర్తు ఉంటే, ఉదాహరణకు "కంది & మినుము", దానిని ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచాలి. లేకపోతే పేరు రెండు ఆదేశాలుగా చీలుతుంది.

తేదీ, సమయం, ఊరి పేరు

భారత వాతావరణ శాఖ ప్రమాణం ప్రకారం దినసరి వర్షపాతం ఉదయం 8.30 గంటలతో ముగిసే 24 గంటలది. అది కొలిచిన రోజు తేదీతో నమోదవుతుంది. నిన్న సాయంత్రం కురిసిన వాన నేటి తేదీ కింద ఉంటుంది. టాస్క్ షెడ్యూలరులో బ్యాచ్ ఫైలును ఉదయం 8.30కే పెడితే ఆ రోజు ఫైలు ఇంకా చేరకపోవచ్చు. రెండవ అడుగులోని తనిఖీ ఉంటేనే ఆ సంగతి బయటపడుతుంది.

ఫైలు పేరులో తేదీ కోసం వ్యవస్థ ఇచ్చే డేట్ విలువను నేరుగా వాడటం కూడా జాగ్రత్త అవసరమైన విషయం. ఆ విలువ రూపం యంత్రపు ప్రాంతీయ అమరికను బట్టి మారుతుంది. ఒక యంత్రంలో 05-11 అంటే నవంబరు 5, మరొక యంత్రంలో మే 11. సంవత్సరం, నెల, తేదీ క్రమంలో పేరు పెడితే ఫైళ్లు కాలక్రమంలో అమరడమే కాక ఈ సందిగ్ధత తొలగుతుంది.

ఊరి పేరుతో వరుసలను వేరుచేసేటప్పుడు ఆత్మకూరు ఒక హెచ్చరిక. రాష్ట్రవ్యాప్త ఫైలులో ఆ పేరుతో నెల్లూరు జిల్లాలోనే కాక నంద్యాల, అనంతపురం జిల్లాలలోనూ మండలాలున్నాయి. ఫైండ్ ఆదేశంతో పేరు మాత్రమే వెతికితే మూడు మండలాల వానలు ఒకే పేరు కింద చేరతాయి. ముందు జిల్లాను, తరువాత మండలాన్ని పైపుతో వరుసగా వడకట్టాలి. ఆంగ్ల లిపిలో వింజమూరు పేరు చివరి అచ్చుతో ఒకచోట, అచ్చు లేకుండా మరొకచోట కనిపించవచ్చు; కనుక పేరు కంటే మండల సంకేత సంఖ్యతో వెతకడం భద్రం. ఈ రెండు సందర్భాలలోనూ 21 వరుసల లెక్క తేడా చూపుతుంది: ఎక్కువ వచ్చినా ఆగాలి, తక్కువ వచ్చినా ఆగాలి.

ఇతర వ్యవస్థలకు మారేటప్పుడు

లినక్స్ సర్వర్లపై పనిచేసే విద్యార్థులు ఒక తేడాను గుర్తుంచుకోవాలి. && మరియు || అక్కడ కూడా దాదాపు ఇదే అర్థంతో పనిచేస్తాయి. కానీ ఒక్క & గుర్తు అక్కడ మొదటి ఆదేశాన్ని నేపథ్యానికి పంపి, అది పూర్తి కాకముందే రెండవదాన్ని మొదలుపెడుతుంది. నిబంధన లేని వరుసకు అక్కడ అర్ధవిరామ చిహ్నం వాడతారు. విండోస్‌లోని పవర్‌షెల్ విషయానికి వస్తే, విండోస్‌తో పాటే వచ్చే 5.1 రూపం ఈ జంట గుర్తులను అంగీకరించదు. 2020లో విడుదలైన 7వ రూపం నుండి అవి పనిచేస్తాయి.

నడిచిన గొలుసును పరీక్షించడం

క్షేత్ర ప్రయోగంలో నియంత్రణ మడి లేకుండా ఫలితాన్ని నమ్మరు. బ్యాచ్ ఫైలుకూ అదే న్యాయం వర్తిస్తుంది. సక్రమమైన ఫైళ్లతో ఒకసారి నడిచినంత మాత్రాన అది పరీక్షకు నిలిచినట్లు కాదు. నకలు ఫోల్డరులో ఉద్దేశపూర్వకంగా లోపాలు కల్పించి చూడాలి. ఒక రోజు ఫైలును తీసివేయాలి. ఒక ఫైలును ఖాళీగా ఉంచాలి. ఒక ఫైలు చివరి పంక్తి గుర్తును చెరపాలి. అదే రోజు రెండుసార్లు నడపాలి. అనంతపురం ఆత్మకూరు వరుస ఒకటి చేర్చాలి. ప్రతిసారీ గొలుసు ఆగిందా, ఎక్కడ ఆగింది, లాగ్ ఫైలు ఏమి చెప్పింది అన్నవి నమోదు చేసుకోవాలి. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది ఒక పూట ప్రయోగశాల అభ్యాసంగా సరిపోతుంది.

ఇన్ని తనిఖీలు దాటినా యంత్రం పట్టుకోలేని లోపం ఒకటి మిగిలే ఉంటుంది. స్వయంచాలక వర్షమాపకపు గరాటులో ఆకులో, దుమ్మో అడ్డుపడితే వాన కురుస్తుండగానే సున్నా నమోదవుతుంది. ఫైలు వస్తుంది, వరుసలు 21 ఉంటాయి, ముగింపు సంకేతమూ విజయమే చెబుతుంది. ఉదయగిరిలో, ఆత్మకూరులో మంచి వాన చూపి మధ్యలోని వింజమూరులో సున్నా చూపితే, స్థానికంగా కురిసే వానలలో అది సాధ్యమే అయినా, ఆ మండల వ్యవసాయ సిబ్బందికి ఒక ఫోను చేసి నిర్ధారించుకోవాలి. ఒక మండలం సున్నాగా ఉండి, మిగిలిన రెండింటిలో వర్షపు దినానికి ప్రమాణమైన 2.5 మి.మీ. దాటితే గొలుసు ఆగి "నిర్ధారించండి" అని చూపేలా ఒక ఇఫ్ పరీక్షను చేర్చవచ్చు. బ్యాచ్ భాష పూర్ణాంకాలతోనే లెక్కిస్తుంది కనుక కొలతలను ముందుగా పదితో గుణించిన రూపంలో, అంటే 2.5 బదులు 25గా, అందించాలి.

సలహా పత్రంలో కూడా ఈ భేదం కనబడాలి. వాన లేని రోజుకు 0 అని, సమాచారం రాని రోజుకు "అందలేదు" అని వేర్వేరుగా ముద్రించాలి. ఒక రోజు అందని వారానికి మొత్తం వేయక, ఎన్ని రోజుల మొత్తమో పక్కనే తెలపాలి. ఆ వారం నీటి తడి గురించి, విత్తనం గురించి నిర్దిష్టమైన సలహా ఇచ్చే ముందు రైతు తన పొలంలో జానెడు లోతు మట్టి తీసి పదును చూసుకోవాలని సూచించాలి. శుక్రవారం ఉదయం గొలుసు ఆగిపోయి పత్రం ఒక గంట ఆలస్యమైతే దానిని సరిచేసుకోవచ్చు. లేని కరవును ప్రకటించిన పత్రం మూడు మండలాలకు చేరిన తరువాత వెనక్కి తీసుకోవడం సాధ్యం కాదు.